తోడికోడలి పథ్యం

మిరియాల చారు వాసన తగిలితే నేను ఇప్పటికీ లేచి అవతలికి పోతాను. పిల్లలు ఎందుకని అడిగితే ఒంటికి పడదంటాను. ఆ వాసన వెంట మా అత్తగారి వంటిల్లు, ఓ మూల పీట మీద కూర్చున్న మా తోడికోడలు కళ్ళ ముందుకొస్తారని వాళ్ళకు ఎలా చెప్పేది?

నేను కాపురానికి వచ్చింది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెకు. మామగారు అప్పటికే పోయారు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు. కాలవ కింద మాగాణి, దొడ్డి నిండా గేదెలు, గాదెల నిండా ధాన్యం. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే నేను చెప్పబోయేది కరువు రోజుల మాట అనుకుంటారు.

పెద్దకోడల్ని నేను అక్కా అని పిలిచేదాన్ని. నేను రాకముందే ఆవిడకు ఒక కాన్పు అయింది. బిడ్డ బాగా పెద్దదై, రెండు రోజులు బయటికి రాలేక, చివరికి చచ్చి పుట్టింది. అక్క కూడా చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. "బిడ్డ బలిసిపోయిందమ్మా, తల్లి తిండి మీద ఓ కన్నేసి ఉంచాల్సింది" అని మంత్రసాని చెప్పి పోయిందట. ఆ మాట మా అత్తగారి బుర్రలో మేకులా దిగిపోయింది.

నేను వచ్చిన ఏడే అక్కకు మళ్ళీ నెల తప్పింది. తెలిసిన రోజు నుంచే పథ్యం. గరిటెడు పాత బియ్యపు అన్నం, నీళ్ళలాంటి మిరియాల చారు, ఒక వేయించిన మిరపకాయ. నెయ్యి వేస్తే బిడ్డ బలుస్తుందట. పెరుగు, అరటిపండు చలవట. బెల్లం వేడట. పప్పు వాయువట. చేప సంగతి ఎత్తనే కూడదు. దానికి తోడు వేవిళ్ళు. తిన్న ఆ గరిటెడూ దొడ్లోకి పరిగెత్తి కక్కేసేది. "కక్కితే మంచిదే, కడుపు తేలిగ్గా ఉంటుంది" అనేవారు అత్తగారు, అక్కడే కూర్చుని వక్క కొరుకుతూ.

ఏట్లో పులస పడే రోజులవి. ఇల్లంతా పులుసు వాసన. మగవాళ్ళు తింటున్నారు, నేను వడ్డిస్తున్నాను. బావగారు ముల్లు చీకుతూ, "దానికి కాస్త పులుసైనా వెయ్యమ్మా" అన్నారు.

"రేపు నొప్పులు నువ్వు పడతావా ఏంటి? తిని లే" అన్నారు అత్తగారు.

ఆయన తిని లేచారు. చెయ్యి కడుక్కుని, పెళ్ళాం కూర్చున్న మూలకేసి చూడకుండా, తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయారు. మీసానికి అంటిన నూనెను ఒకటికి రెండుసార్లు తుడుచుకోవడం చూసి నాకు రోత పుట్టింది. ఆ తరవాత ఎన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నా, ఆయనకు వడ్డించేటప్పుడు ఆ మీసం వంక చూడలేకపోయాను.

ఒక మధ్యాహ్నం గాదె వెనక గీరుతున్న చప్పుడైంది. పందికొక్కు అనుకుని కర్ర పట్టుకుని వెళ్ళాను. అక్క. గోడకు మొహం ఆనించి, పేడ కలిపి మెత్తిన మన్ను గోళ్ళతో పెళ్ళగించి నోట్లో వేసుకుంటోంది. పళ్ళ సందుల్లో మన్ను, గడ్డం మీద మట్టిరంగు చొంగ. నన్ను చూసి సిగ్గు కూడా పడలేదు.

"ఎంత బావుందే! తొలకరి వాసన" అంది.

నేను అక్కడే కక్కుకున్నాను. తమాయించుకుని వెళ్ళి అత్తగారికి చెప్పాను. ఇప్పుడైనా నాలుగు ముద్దలు పెడతారనుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "మన్ను మీద మనసు పోయిందా? అయితే మగపిల్లాడే!" అని వీధంతా చాటారు. ఆ సాయంత్రమే పక్కింటావిడ రేగడి మన్ను ముద్ద చేసి, అరిటాకులో చుట్టి, ఫలహారం తెచ్చినట్టు తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది. అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. ఆ ఆకు విప్పడానికి ఆమె వేళ్ళు పడుతున్న తొందర చూసి నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తరవాత పాలు పితికేటప్పుడు చెంబుతో కొంచెం వేరే తీసి, దొడ్డి చాటున అక్కకు ఇచ్చేదాన్ని. కొన్నాళ్ళకు అత్తగారి కంట పడింది. చెంబు లాక్కుని, పాలన్నీ కుక్క ముందు ఒంపేశారు.

"ఇది చస్తే పిల్లనిచ్చిన వాళ్ళకు నువ్వు చెబుతావా సమాధానం?" అని అరిచారు. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. నిజంగానే భయపడుతున్నారు. జాలి పడాల్సిందే. నాకు జాలి రాలేదు. కుక్క నేల నాకుతుంటే అక్క కళ్ళు దాని నాలుక మీదే ఉన్నాయి. నేను చూసింది అది.

సీమంతానికి ఊరంతా వచ్చింది. బూరెల్లో నెయ్యి మడుగులు కట్టింది. చేతుల నిండా గాజులతో, పట్టుచీరలో అక్కను మధ్యన కూర్చోబెట్టారు. శాస్త్రానికి ఒక బూరె నోటికి తాకించి, తీసి పళ్ళెంలో పెట్టేశారు. ఆమె పెదవి మీద మిగిలిన నెయ్యిని నాలుకతో తీసుకుంటుంటే ఎవరో ముసలావిడ, "పిల్లకు ఆశ చూడమ్మా!" అని మురిసిపోయింది. బంతిలో మగవాళ్ళు వేళ్ళు చీకుతూ త్రేనుస్తున్నారు. ఎంగిలాకులు ఎత్తిన చేతుల్ని నేను ఎంతసేపు కడుక్కున్నానో.

కాన్పు తేలిగ్గానే అయింది. మగపిల్లాడు. చేతిలో పెడితే బరువే తెలియలేదు. "చూశారా, నా పథ్యం!" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. వచ్చినవాళ్ళు కూడా ఆవిడనే మెచ్చుకున్నారు.

పది రోజులకు తెలిసింది. వాడు రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు. నుదురంతా చెమట. ఏడిస్తే పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడతాయి. వాడి రొమ్ము మీద చెయ్యి వేస్తే లోపల ఏదో పిట్ట రెక్కలు కొట్టుకుంటున్నట్టు ఉండేది. బాలగ్రహం అన్నారు. పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాతలు పెట్టారు. కాలిన చర్మం వాసన ఇల్లంతా నిండింది. వాడికి గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు.

ఇక ఆగలేక మా ఆయనతో పోట్లాడాను. "రాజమహేంద్రవరంలో దొరసాని డాక్టరు ఉందట. తీసుకెళ్ళకపోతే నేను పుట్టింటికి పోతాను" అన్నాను. నా మాట మీద కాలవ పడవలో బయల్దేరాం. అత్తగారు కూడా వచ్చారు, మనవణ్ణి కిరస్తానీలకు ఒంటరిగా అప్పగించనని.

దొరసాని గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. వాతలు చూసి పెదవి బిగించింది. తరవాత అక్క కనురెప్ప కిందికి లాగి చూసింది. లోపల పాలిపోయి తెల్లగా ఉంది.

"ఈ తల్లి గర్భముతో ఉన్నప్పుడు ఏమి తిన్నది?" అని పుస్తకాల తెలుగులో అడిగింది.

అత్తగారు ముందుకొచ్చారు. "చారూ అన్నమే అండి. ఒక్క ముద్ద ఎక్కువ పెట్టలేదు. పాలు, నెయ్యి తాకనివ్వలేదు."

మెప్పు కోసం చూస్తున్నారని నాకు తెలుసు. దొరసాని నెమ్మదిగా చెప్పింది. "బిడ్డ గుండె మొదటి నెలలలోనే కట్టుకొనును. దానికి కావలసినది తల్లి ఒంటిలోనుండియే రావలెను. ఈ బిడ్డ గుండె సరిగా కట్టుకొనలేదు. ఇదే కారణమని నేను ప్రమాణము చేసి చెప్పలేను. మాకు తెలిసినది తక్కువ. కాని ఆకలితోనున్న తల్లి కడుపులో ఏదియు సరిగా పెరగదు. ఈమెకు తిండి పెట్టండి."

పడవలో అత్తగారు తిట్టుకుంటూనే ఉన్నారు. "పుట్టించేవాడు గుండె పెట్టాలి గానీ, నెయ్యి పెడుతుందా ఏంటి?" అక్క పిల్లాడి పాదాలు అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతోంది. అవి ఎప్పుడూ చల్లగానే ఉండేవి.

వాడు నడక నేర్చాడు. నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చునేవాడు. మళ్ళీ లేచేవాడు. నన్ను పిన్నీ అనేవాడు. మూడో ఏడు నిండకుండానే, ముసురు పట్టిన ఒక ఉదయం వాళ్ళమ్మ ఒళ్ళోనే పోయాడు.

ఆ ఏడే నాకు నెల తప్పింది. అత్తగారు చారు గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. నేను లేచి, ఉట్టి మీది పెరుగు దింపి, ఆవిడ చూస్తుండగానే అన్నంలో కలుపుకున్నాను. అక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఆమెకూ పెట్టాను. "పోతావే, చస్తావే" అన్నారు ఆవిడ. నేను తింటూనే ఉన్నాను. నాకు పుట్టిన పిల్ల బొద్దుగా పుట్టింది. నొప్పులు కూడా గట్టిగానే పడ్డాను, అబద్ధం చెప్పను.

నా పురిటి మంచం ఇంకా తియ్యలేదు, పక్కింటావిడ కడుపుతో ఉన్న తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వసారాలో అత్తగారు వాళ్ళతో చెబుతున్నారు: "పాత బియ్యం, మిరియాల చారు. మా పెద్దదానికి కాన్పు అయిందో లేదో కూడా తెలియలేదు." మనవడు పోయి ఏడాది తిరగలేదు. ఆవిడ గొంతులో అదే గర్వం.

నేను మంచం మీంచే గట్టిగా అన్నాను. "అత్తయ్యా, ఆ పిల్లాడు ఏమయ్యాడో కూడా చెప్పండి."

అప్పుడు వంటింట్లోంచి అక్క వసారాలోకి వచ్చింది. గ్లాసు నిండా పాలు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా నిలబడింది.