నా లిస్టులో లేని పన్నెండో కారణం

ఆ రోజుల్లో మా కోరుట్లలో నేను ఎవరికి ఎదురుపడ్డా మొదట వినపడే మాట ఒకటే: "ఇంక సదువుడేనా?" ఎంబీబీఎస్ అయింది, పిల్లల వైద్యంలో ఎండీ అయింది, ముప్పయ్యో ఏడు నడుస్తోంది. అయినా మళ్లీ సంచి సర్దుకుని జగిత్యాలలో ఒక పిల్లల ఆస్పత్రిలో ఫెలోషిప్‌కు చేరాను. అంటే ఇంకో ఏడాది శిక్షణ. మా మేనమామకు (కల్లుగీత మానేసి టైల్స్ షాపు పెట్టినవాడు, అందుకే ప్రతిదానికీ గ్యారంటీ అడిగేవాడు) ఈ చదువేమిటో చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. "ఆస్పత్రిల చేరిన పిల్లలను ఎట్ల జూడాల్నో నేర్పుతరు మామా" అన్నాను. ఆయన, "మరి గిప్పటిదాంక ఎవల జూశినవే?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మాకు శిక్షణ ఇచ్చే పెద్ద డాక్టరును చాటుగా అందరం స్టూలు మేడం అనేవాళ్లం. ఆవిడ రౌండ్స్‌కు స్టెతస్కోప్ మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ నీలంరంగు ప్లాస్టిక్ స్టూలు లేకుండా వచ్చిన రోజు లేదు. ప్రతి మంచం దగ్గరా స్టూలు వేసుకుని కూర్చుని, తల్లినో తండ్రినో ఒక మాట అడిగి, వాళ్లు చెప్పేదంతా అయ్యేదాకా నోరు మెదపకుండా వినేవారు. ఫెలోలకు ఆవిడ చెప్పిన మొదటి పాఠం అదే. నాకూ ఒక స్టూలు ఇచ్చారు. నేను దాన్ని గదిగదికీ మోసుకెళ్లి, మీద ఫైళ్లు పెట్టుకునేదాన్ని. అడగడం మాత్రం నేనూ అడిగేదాన్ని సుమండీ! అంతా అయ్యాక, ఒక చేయి తలుపు మీద వేసి, "మీకేమైనా సందేహాలున్నాయా?" అని. (కోరుట్లలో పుట్టి పెరిగిన నేను ఆస్పత్రిలో అడుగు పెట్టగానే టీవీలో వార్తలు చదివేదానిలా ఎందుకు మాట్లాడేదాన్నో ఇప్పటికీ అర్థం కాదు.) వాళ్లు నోరు తెరిచేలోపల నేను పక్క గదిలో ఉండేదాన్ని.

అలా ఉండగా సిరిసిల్ల నుంచి ఎనిమిది నెలల బాబును తీసుకొచ్చారు. న్యుమోనియా. తల్లి బెదురుచూపుల చిన్నపిల్ల, వెంట ఆమె అత్త. ఆ అత్తను మేమంతా అవ్వ అనేవాళ్లం. రెండు రోజులు ఎమర్జెన్సీ వార్డులో ఆక్సిజన్ పెట్టాం. మందులు బాగా పనిచేశాయి, జ్వరం దిగింది, మూడో రోజు ఆక్సిజన్ తీసేశాం. నా మొదటి కేసు ఇంత చక్కగా కుదుటపడేసరికి నాలో ప్రేమ పొంగింది. బాబుకు మంచి విశ్రాంతి కావాలని పట్టుబట్టి, చివరి మూలనున్న ఏసీ గదికి మార్పించాను. తలుపుకు 'నిశ్శబ్దం' అని బోర్డు పెట్టించాను. చప్పుడు చేస్తున్నాయని సిస్టరమ్మ చెప్పులు కూడా మార్పించాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ గదిలోకి వచ్చినప్పటి నుంచి బాబు ఒకటే ఏడుపు. ఇట్టే కునుకు పడుతుంది, అంతలోనే ఉలిక్కిపడి లేస్తాడు. పాలు తాగడు, బొమ్మ వద్దు, చంక దిగడు. చెవులు చూశాను, పొట్ట చూశాను, మూత్రం పరీక్షకు పంపాను, రక్తం రెండుసార్లు తీశాను. అన్నీ బాగానే ఉన్నాయి. నేను పుస్తకాలన్నీ తిరగేసి, పసిపిల్లలు ఆగకుండా ఏడవడానికి పదకొండు కారణాలు ఒక లిస్టు రాసి, అందంగా గీతలు కొట్టి, మేడం ముందు పెట్టాను. పదింటిని కొట్టేశాను, మిగిలింది మెదడుకు సంబంధించినది, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలి అన్నాను. మేడం లిస్టంతా చదివి, "వాళ్లేమంటున్నారు?" అని అడిగారు. "సందేహాలేమీ లేవన్నారు మేడం" అన్నాను ధైర్యంగా. (అనలేదు. అనే సమయం నేనివ్వలేదు.) మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు పరీక్ష అని నిర్ణయమైంది.

మర్నాడు పదిగంటలకు ఆ గదికి వెళ్లేసరికి సంచులు సర్ది ఉన్నాయి. వెన్నులో సూది అనగానే తల్లి భయపడి ఒకటే ఏడుపట. "మేం ఇంటికి వోతం మేడం. ఏడ సంతకం పెట్టాల్నో చెప్పుర్రి" అంది తల్లి. ఇంకా నాలుగు రోజుల ఇంజెక్షన్లున్నాయి. మధ్యలో తీసుకెళితే ఆ న్యుమోనియా తిరగబెడుతుంది, ఈసారి ఇంత తేలిగ్గా లొంగదు. పసివాడికి ప్రాణం మీదికి వస్తుంది. వార్తలు చదివే తెలుగులో ఎంత చెప్పినా తల్లి తల ఎత్తలేదు. సొంత ఇష్టంతో వెళ్తున్నామనే కాయితం తెచ్చాను. అవ్వ ఆ కాయితం అందుకుని, నా స్టూలు మీది ఫైళ్లు తీసి కింద పెట్టి, "సంతకం పెడ్త గని బిడ్డా, ముందుగాల కూసో" అంది.

కూర్చున్నాను. ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

"పొల్లగాడు నీ మందులకు మంచిగైండు. నీ అర్రలకు అచ్చినంక ఖరాబైండు" అంది అవ్వ. "మా ఇంట్ల గోడ పక్కకే సాంచలు. పుట్టినకాడికెళ్లి గా సప్పుడులనే పంటడు. కరంటు వోయి సాంచలు ఆగితె లేశి ఏడుస్తడు. అక్కడ మీ మిషిను గుర్రుమన్న రెండు దినాలు పన్నడా లేదా? నువ్వు దెచ్చి గీ సప్పుడు లేని కాడ ఏస్తివి."

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారని నాకు తెలుసు. వాటి పక్కన పెరిగే పిల్లలకు నిశ్శబ్దమే నిద్ర చెడగొడుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. "గిదంతా ముందుగాల ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను. నా వార్తల తెలుగు ఎటు పోయిందో పోయింది.

"రోజు చెప్పిన బిడ్డా. నీ ఎనుకకు చెప్పిన. మొకానికి చెప్పనియ్యకపోతివి."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవ్వ మాత్రం అప్పటికే ఫోను తీసి సిరిసిల్లలో ఉన్న తన ముసలాయనకు కలిపింది. "ఫోను సాంచ కాడ పెట్టు" అంది. "ఎందుకే?" అని అటునుంచి. "పెట్టుమంటె పెట్టు!" మరుక్షణం నా నిశ్శబ్దపు గదిలో టకటకా టకటకా మొదలైంది. సిస్టరమ్మ పరుగున వచ్చి, "ఏసీ ఖరాబైందా మేడం?" అంది. బాబు ఏడుపు ఆపి ఫోను వైపు చూశాడు. బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో తల్లి భుజం మీద తల వాల్చేశాడు. తల్లి వాడి వీపు నిమురుతూ చప్పుడు లేకుండా ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ కాయితం నాలుగు మడతలు పెట్టి నా కోటు జేబులో కుక్కి, "అయిదు గడియలు నిద్రవోనీ, అటెన్క చూద్దాం" అంది.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి కొంచెం సిగ్గే. రెండు రోజులుగా ఆ లిస్టు పెట్టుకుని నాకూ సరిగ్గా నిద్ర లేదు. ఆ టకటకకు స్టూలు మీదే, గోడకు తల ఆనించి, నేనూ నిద్రపోయాను. పన్నెండుకు సూది సామాను సిద్ధం చేయించుకుని మేడం వచ్చేసరికి గదిలో ఇద్దరం గుర్రు పెడుతున్నామట. మేడం ఎవరినీ లేపలేదు. బాబు తనంతట తాను లేచి, గటగటా పాలు తాగి, ఆవిడ కళ్లజోడు లాగి నవ్వాడు. మేడం వాణ్ని తల నుంచి కాళ్లదాకా పరీక్షించి, సూది ప్రస్తుతానికి వద్దన్నారు. తరవాత కూడా దాని అవసరం రాలేదు.

నాలుగు రోజులూ ఇంజెక్షన్లు పూర్తయ్యాయి. ముసలాయన రోజుకు మూడుసార్లు ఫోను పెట్టాడు. (ఒకసారి సిరిసిల్లలో కరెంటు పోతే జగిత్యాలలో పిల్లవాడు లేచాడు.) ఇంటికి పంపేటప్పుడు, దూది దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ఉయ్యాల సాంచల అర్రలో కట్టొద్దని, గోడకు ఇవతలే కట్టాలని, చప్పుడు వినపడితే చాలని స్టూలు మీద కూర్చునే చెప్పాను. చెప్పినదంతా తల్లి నాకు తిరిగి అప్పజెప్పింది. ఆ ఏడాది చివర నా శిక్షణ ఫారంలో మేడం ఇలా రాశారు: 'కూర్చోవడం వచ్చింది. సమయానికి లేవడం ఇంకా రావాలి.'

ఇప్పుడు కోరుట్లలో నా దగ్గరా ఒక నీలం స్టూలుంది. మామ వచ్చినప్పుడల్లా దాని మీదే కూర్చుని, "గిది ఎన్నేండ్లు అస్తదే?" అని గ్యారంటీ అడుగుతాడు. అప్పుడప్పుడు తలుపు మీద చేయి వేసి నిలబడ్డ ఆ పిల్ల డాక్టరమ్మ గుర్తొస్తుంది. కోపం రాదు, నవ్వొస్తుంది. పాపం, ఎంత తొందరో దానికి! అంత తొందరగా ఎక్కడికి వెళ్లాలనుకునేదాన్నో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.