గంగన్న అప్పీలులో నేను రాయని మాట

2018. సౌదీలోని ఉనైజాలో ఒక ఖర్జూర తోటల కంపెనీలో టైమ్‌కీపర్‌గా ఉండేవాణ్ణి. ఎవరు ఏ పనికి వెళ్లారో రోజూ టైమ్‌షీట్‌లో ఎక్కించడం నా ఉద్యోగం. ఉద్యోగాల్లో తగినంతమంది సౌదీలు లేరని, స్థానికుల కోటా చూసే నితాఖత్ లెక్కల్లో కంపెనీ వెనకబడి, కొత్త వీసాలు ఆగిపోయాయి. మాలాంటి విదేశీయుల మీద కంపెనీ సర్కారుకు కట్టే లెవీ కూడా పెరిగింది. దాంతో ఉన్నవాళ్లతోనే అన్ని పనులూ చేయించేవారు.

నిర్మల్ వైపు నుంచి వచ్చిన గంగారాం ఇఖామాలో, అంటే నివాస కార్డులో, వృత్తి 'క్లీనర్' అని ఉండేది. మూడేళ్లుగా చెట్లకు పురుగుమందు కొట్టేది మాత్రం అతనే. మాస్కు దొరకని రోజు తలగుడ్డనే మూతికి చుట్టుకునేవాడు. ఆ ఏడాది అతని అరికాళ్లు మొద్దుబారాయి. చేతిలో టీ గ్లాసు నిలిచేది కాదు. నరాలు దెబ్బతిన్నాయని, మందు వల్ల కావచ్చని డాక్టర్ రాశాడు. పనిలో దెబ్బతిన్నవాళ్లకిచ్చే బీమా పరిహారానికి దరఖాస్తు పెడితే తిరస్కరించారు.

గంగారాం ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"గిందుల ఏం రాసిండ్రు మస్తాన్ భాయ్? జర సదివి చెప్పు."

అతను మందు కొట్టినట్టు కంపెనీ టైమ్‌షీట్లలో ఎక్కడా లేదని రాసి ఉంది. వాటిని నింపింది నేనే. ఇఖామాలో లేని పని చేయిస్తే జరిమానా పడుతుందని ముదీర్, అంటే మా మేనేజర్, చెప్పినందుకు రోజూ అతని పేరు ఎదురుగా 'క్లీనింగ్' అని రాసేవాణ్ణి.

"అప్పీలు చేద్దాంలే గంగన్నా. నేను రాస్తా," అన్నాను.

రాశాను. అతని బాధ, డాక్టర్ మాట, మందుల పేర్లు అన్నీ పెట్టాను. టైమ్‌షీట్ తప్పని మాత్రం రాయలేదు. నా ఇఖామా రెన్యువల్ ముదీర్ చేతిలో ఉంది. నా కుర్చీలో సౌదీని కూర్చోబెడతారన్న మాట అప్పటికే వినిపిస్తోంది. వేలిముద్ర వేస్తుంటే గంగారాం వేలు వణికి సిరా పులుముకుంది. "నీకు పుణ్యముంటది భాయ్," అన్నాడు. నేను కాగితం మడిచి కవర్లో పెట్టాను.

మందు కొట్టే పని చేశాడనడానికి రుజువు తెమ్మని బీమా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆ మాట చెబుతూ నేను నసుగుతుంటే గంగారామే అన్నాడు:

"షీట్ల రాసింది నువ్వే గద. నాకు మొదటి సంది ఎర్కనే."

"మరి ఒక్కసారైనా అడగలేదే?"

"అడిగితే నువ్వు గూడ మొకం చాటేస్తవ్. గప్పుడు నా కాయితం ఎవలు రాస్తరు?"

మర్నాడు నిజం రాసి, కింద నా పేరు, సంతకం పెట్టి ఇచ్చాను. ముదీర్ ఒక పూట అరిచి నన్ను స్టోరుకు మార్చాడు. అంతే. నేను అంత భయపడింది దానికే. అప్పీలు నెగ్గింది గాని, అప్పటికే గంగారాంను ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. అక్కడ గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

టైమ్‌షీట్ నింపేవాడు మనిషి కష్టానికి సాక్షి అని ఆ కేసు నేర్పింది. ఫోన్ చేసినప్పుడల్లా గంగారాం పక్కవాళ్లకు నన్ను తన పని చేసిపెట్టిన మనిషిగా చెబుతాడు. అప్పీలులో మొదట నేను రాయకుండా వదిలేసిన మాట అతను ఎత్తడు. క్షమించమని నేను ఇంతవరకూ అడగలేదు.