షోరూమ్ అద్దంలో పశువుల పాక

మొన్న జూబ్లీహిల్స్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే, పక్కనున్న బట్టల షోరూమ్ మెట్ల మీద క్రిస్మస్ తాత గడ్డాన్ని మెడ కిందికి లాక్కుని టీ తాగుతున్నాడు. నవంబరు ఇంకా సగం కూడా కాలేదు. ఎండ చుర్రుమంటోంది. ఆ ఎర్రకోటు లోపల మనిషి ఎంత ఉడికిపోతున్నాడో మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆటో అతను అద్దంలోంచి నా వైపు చూసి, "ఏంది సార్, గీ తాత గిప్పుడే దిగిండు? పండగకు ఇంకా నెల మీదనే ఉంది గద?" అన్నాడు. "వ్యాపారం కదా బాబూ" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఒకప్పుడు సరిగ్గా ఈ మాటే అన్నందుకు మా అక్క నా మీద విరుచుకుపడింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్కే. గోదావరి పక్కన మా ఊళ్లో ఆదివారపు బడి పాఠాలు చెప్పేది. పెళ్లయి వెంగళరావు నగర్ వచ్చాక కూడా ఆ పాఠాలు వదల్లేదు. ఊళ్లో క్రిస్మస్ నాటకం వేయించేది అక్కే కాబట్టి నాకు వేషం ఖాయం. అదెప్పుడూ గాడిద వేషమే. మాటలు ఉండవు గనక మర్చిపోయే ప్రమాదం లేదని ఆవిడ ఆలోచన. గోనెసంచితో చెవులు కుట్టేది. కుడి చెవి నిటారుగా నిలబడేది, ఎడమ చెవి ఎంత గంజి పెట్టినా వాలిపోయేది. జనం దూతల్నీ గొర్రెల కాపరుల్నీ వదిలేసి ఆ చెవిని చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నేను తెరవెనక్కి వచ్చి ఏడిస్తే, "మరియని మోసింది గాడిదేరా, దూతలు కాదు" అని అక్క ముక్కు తుడిచేది.

పెద్దయ్యాక నేను సినిమాలకి సెట్లు కట్టే పనిలో పడి ఫిల్మ్ నగర్‌లో స్థిరపడ్డాను. ఆ పని అక్కకి ఎన్నడూ మింగుడుపడలేదు. సినిమా అన్నాక గుళ్లు కట్టాలి, విగ్రహాలు చెయ్యాలి. బొమ్మకి మొక్కడమే తప్పయితే, మొక్కించే బొమ్మ చేసేవాడి గతేమిటని ఆవిడ బెంగ. ఫోన్ చేసినప్పుడల్లా "ఈసారి ఏం కడుతున్నావురా?" అని అడిగేది. "ఇల్లక్కా" అనేవాణ్ణి. ఇరవై ఏళ్లలో నేను కట్టిన అమ్మవారి గుళ్లన్నీ అక్క దృష్టిలో డాబా ఇళ్లే. ఆ ఇళ్లు గాలికీ వానకీ చెక్కుచెదరకూడదని పాపం ప్రార్థన కూడా చేసేది.

పదేళ్ల కిందట, షూటింగులు లేక చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లో, ఇదే రోడ్డు మీద ఇంకో పెద్ద షోరూమ్ వాళ్లు నన్ను పిలిచారు. రోడ్డు వైపు అద్దం వెనక, యేసు పుట్టిన పశువుల పాక కావాలన్నారు. "అందరూ తాతనే పెడుతున్నారండీ, మనం కొంచెం వెరైటీగా వెళ్దాం. జనం ఆగి ఫోటో దిగాలి" అన్నాడు మేనేజరు. నాకూ ముచ్చటేసింది. తాటాకు కప్పు వేశాను, గడ్డి పరిచాను, నాలుగు గొర్రెల్నీ ఒక గాడిదనీ చేశాను. చేతి అలవాటు, గాడిద ఎడమ చెవి వాలిపోయింది. మరియ, యోసేపు, ముగ్గురు జ్ఞానులు మాత్రం షోరూమ్ బొమ్మలే. వాళ్లకి కొత్త స్టాకు తొడిగారు. మరియ నీలం పట్టుచీర కొంగుకి ధర చీటీ వేలాడుతోంది. తొట్టిని నేను ఖాళీగా వదిలేశాను. నాకు పని నేర్పిన మేస్త్రీ కాథలిక్. పండగ ముందురోజు దాకా తొట్టిలో బాలయేసుని పెట్టకూడదని, పుట్టకముందే ఎలా పడుకోబెడతామని ఆయన అనేవాడు. మా చర్చి సంఘంలో ఈ బొమ్మల పద్ధతే లేదు గానీ, గురువు మాట కదా. చిన్న బాలయేసు బొమ్మ చేసి, మెత్తటి గుడ్డలో చుట్టి, ఇరవై నాలుగో తారీఖున తీసుకెళ్లొచ్చని మా ఇంటి అటక మీద దాచాను. ఈ సంగతి మేనేజరుకి చెప్పడం మర్చిపోయాను. అక్కకి చెప్పడం మర్చిపోలేదు, మానేశాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యీ అవకముందే అక్క మా ఇంట్లో ఊడిపడింది. చేతిలో బైబిలు సంచీ, మొహం జేవురించి ఉంది. బస్సులోంచి ఆ అద్దం చూసిందట. "మరియకి రేటు చీటీ కట్టారురా! తొట్టిలో ఎవరూ లేరు! పండగ కావాలి, బేరం కావాలి, యేసు మాత్రం అక్కర్లేదు వీళ్లకి" అంది. "వ్యాపారం కదక్కా" అని గొణిగాను. "అయితే? ఆ కట్టినవాడికైనా దేవుడి భయం ఉండొద్దూ?" అని గయ్యిమంది. అటక వైపు చూడకుండా ఉండటానికి నేను కాఫీ గ్లాసులోకి చూశాను. ఆ షోరూమ్‌లో ఎవరూ ఏమీ కొనకూడదని ఆ పూటే చర్చి స్త్రీల సమాజం తీర్మానించిందట. అక్క ఒంటి మీదున్న తెల్లచీర అక్కడిదే. తీర్మానానికి ముందు కొన్నది గనక పర్వాలేదట. తొట్టి ఎందుకు ఖాళీగా ఉందో ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అది చెబితే కట్టినవాడెవడో చెప్పాలి, వెనకే ఇరవై ఏళ్ల డాబా ఇళ్లన్నీ కూలిపోతాయి. నన్ను ఆవిడ అబద్ధాలకోరుగా చూడటం నేను తట్టుకోలేను.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని షోరూమ్‌కి వెళ్లింది. నేను ఆవిడ వెనక నిలబడి, నన్ను గుర్తుపట్టొద్దని మేనేజరుకి సైగలు చేస్తూనే ఉన్నాను. "ఎవరి పుట్టినరోజు చేస్తున్నారో ఆయన్నే పిలవకపోతే ఎలా బాబూ?" అని అక్క ఆదివారపు బడి గొంతుతో అడిగింది. అతను కంగారుపడిపోయి, "సారీ మేడమ్, మాకు ఐడియా లేదు. ఎవరూ ఫీల్ అవ్వకూడదనే మా పాలసీ. రేపటికల్లా సెట్ చేయిస్తాను" అన్నాడు. అన్నట్టుగానే సెట్ చేయించాడు. పై అంతస్తులో ఆటబొమ్మలు అమ్మే చోటి నుంచి బూరెబుగ్గల పాపాయి బొమ్మని తెప్పించి తొట్టిలో పడుకోబెట్టాడు. గులాబీరంగు గౌను, కాలికి ధర చీటీ.

మాకది తెలియదు. మూడు రోజులు పోయాక, థాంక్స్ చెప్పి వద్దామని అక్క నన్ను మళ్లీ బయల్దేరదీసింది. అద్దం పక్క తలుపు తీసే ఉంది, లోపల నలుగురైదుగురు గుమిగూడారు. తొట్టికి బంతిపూల దండ, గాడిద నుదుట కుంకుమ, గడ్డి మీద రెండు అరటిపళ్లు. షేక్‌పేట నుంచి ఇళ్లల్లో పనికొచ్చే ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని దణ్ణం పెడుతోంది. అక్క మెల్లగా ఆవిడ భుజం తట్టి, "అమ్మా, ఇది షాపువాళ్లు పెట్టిన బొమ్మ. దీనికి మొక్కకూడదమ్మా" అంది. "దేవుడే గదమ్మా? మా మనవరాలికి ఐదు దినాలు జరమొచ్చింది. పనికి పోతుంటె గీడ కనబడ్డడు, మొక్కిన. ఇయ్యాల లేచి బువ్వ తిన్నది" అందావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. నలభై ఏళ్లు పిల్లలడిగిన ప్రతి ప్రశ్నకీ వాక్యం తీసి చూపించిన మా అక్క బైబిలు సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

ఇంతలో మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, మీరు చెప్పారనే పెట్టాం. ఇప్పుడేమో మీ చర్చివాళ్లే ఇంకొకరు వచ్చి తీసెయ్యమంటున్నారు, కస్టమర్లు ఉంచమంటున్నారు. ఏది కరెక్టో నాకు అర్థం కావట్లేదు. తీసెయ్యమంటారా?" అన్నాడు. పాపం, అతను నిజంగానే అడుగుతున్నాడు. ఉంచమంటే అక్క జీవితమంతా నేర్పిన ఆజ్ఞ అడ్డొస్తుంది, తీసెయ్యమంటే ఎదురుగా ఆ పెద్దావిడ మొహం. అక్క వంగి, బొమ్మ కాలికున్న చీటీని పట్టుకుని తెంపి, బైబిలు సంచీలో వేసుకుంది. లేవబోతూ పక్కనున్న గాడిద ఎడమ చెవిని నిలబెట్టబోయింది. వదలగానే అది మళ్లీ వాలిపోయింది. "మీ ఇష్టం బాబూ" అనేసి బయటికి నడిచింది.

తిరిగి ఆటో ఎక్కాం. కాస్త దూరం పోయాక, "తప్పు చేశానంటావురా?" అంది. "ఏమో అక్కా" అన్నాను. "నాకూ ఏమోగానే ఉంది" అంది. ఆవిడ నోట ఏమో అన్న మాట వినడం నాకదే మొదటిసారి. ఇంకాస్త దూరం పోయాక, నా వైపు చూడకుండా, "ఇంతకీ ఈసారి నువ్వేం కడుతున్నావురా?" అని అడిగింది. "ఇల్లక్కా" అన్నాను. "ఊఁ" అని చీరకొంగు సర్దుకుంది.

అక్క పోయి రెండేళ్లయింది. ఆవిడ బైబిలు నా దగ్గరికి వచ్చింది. యేసు పుట్టుక చెప్పే లూకా రెండో అధ్యాయం దగ్గర ఆ ధర చీటీ ఉంది. వెనక పెన్సిలుతో, ఆదివారపు బడి పలక మీద రాసినంత గుండ్రంగా, "పశువుల పాక. మా తమ్ముడు కట్టాడు" అని రాసి పెట్టుకుంది. ఆ గాడిద చెవి పట్టుకున్నప్పుడే తెలిసిపోయిందన్నమాట. తెలిసే ఆటోలో నన్ను అడిగింది. అది మురిపెంగా రాసుకుందో, నా తరఫున క్షమాపణ అడగడానికి గుర్తుగా రాసుకుందో నేను తేల్చుకోలేకపోయాను. దాచిన బాలయేసు ఇప్పటికీ మా అటక మీదే, గుడ్డలో అలాగే ఉన్నాడు.

ఆకుపచ్చ లైటు పడింది. తాత టీ కప్పు మెట్టు మీద పెట్టి గడ్డం పైకి లాక్కుని చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. ఈ కొట్లవాళ్ల పుణ్యమా అని క్రిస్మస్ ఏడాదికేడాది ఇంకాస్త ముందే వచ్చేస్తోంది. అక్కకి నేను చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం, ఆ రోజు ఆటోలో ఆవిడే అడిగినా, ఆ తర్వాత ఎనిమిదేళ్లున్నా, నా నోటికి రానేలేదు.