బందరులో పక్కన పెట్టిన కార్డు

ఆదివారం ఉదయం ఏడున్నరకి గుణదలలో ఇంటి ముందే ఆటో ఎక్కాను. భుజాన హ్యాండ్‌బ్యాగు, ఒళ్ళో మా తమ్ముడు మురళి ఆల్బమ్. మేము బడికి వెళ్ళే రోజుల్లో బబుల్‌గమ్ ప్యాకెట్లలో వచ్చిన క్రికెట్ కార్డులు అందులో ఉన్నాయి. ముందు ఆటగాడి బొమ్మ, వెనక వాడి పరుగులు, వికెట్లు. ప్లాస్టిక్ పేజీల్లో కార్డుకొక అర. ఆఖరి పేజీలో ఒక్క అర తప్ప అన్నీ నిండాయి. ఆ ఒక్క కార్డు కోసమే ఈ ప్రయాణం.

మురళి భాద్రపదంలో పోయాడు. పెళ్ళి చేసుకోలేదు, మా మేడ మీద గదిలోనే ఉండేవాడు. గడ్డం నెరిసినా వాడికి ఈ కార్డుల పిచ్చి వదల్లేదు. "పిల్లలే మానేశారు, నువ్వింకా మానవేంరా" అని ఏడిపిస్తే నవ్వేసి ఊరుకునేవాడు. ఆసుపత్రిలో ఉండగా ఒక సాయంత్రం మాత్రం తనంతట తనే చెప్పాడు. "బందరులో కరీం గారు నాకోసం వికెట్ కీపర్ కార్డు పక్కన పెట్టారక్కా. కాస్త ఓపికొస్తే ఒక ఆదివారం వెళ్ళొద్దాం." ఆ ఓపిక వాడికి రాలేదు.

పక్కన పెట్టడమనేది వీళ్ళ పద్ధతి. ఒకే కార్డు రెండు ఉన్నవాళ్ళు, అది లేనివాడి పేరు కవరు మీద రాసి ఉంచుతారు. పోస్టులో పంపరు, డబ్బు పుచ్చుకోరు. అతను స్వయంగా వచ్చి, తన దగ్గరున్న మరో కార్డు ఇచ్చి పట్టుకెళ్ళాలి. కరీం గారికి వాడు పోయిన సంగతి చెబుదామంటే నంబరు లేదు. మురళి ఫోనుకి గీత గీసి తెరిచే తాళం ఉంది, ఆ గీత వాడితోనే పోయింది. వాడు తరచూ తలుచుకునే, వాడిలాగే కార్డులు దాచే కంకిపాడు ప్రసాద్ గారిని అడిగితే ఇల్లు తెలుస్తుందని బయల్దేరాను.

బెంజి సర్కిల్లో ఎనిమిదింటికి బందరు బస్సు దొరికింది. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే ఉచితమే కాబట్టి బస్సంతా మేమే ఉన్నాం. పక్కసీటావిడ నా ఒళ్ళోని ఆల్బమ్ చూసి, "మా అమ్మాయిక్కూడా ఈ కార్డుల పిచ్చేనండీ. ఎన్ని ప్యాకెట్లు కొన్నా వచ్చినవే వస్తన్నాయి. దాని సెట్టు నిండేలోపు మా ఆయన జేబు ఖాళీ అయిపోద్ది" అంది. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

కంకిపాడు సెంటర్లో దిగి ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు, చట్నీ బాగుంది. ప్రసాద్ గారి ఎరువుల కొట్టు అక్కడికి రెండడుగులే. కొట్టు వెనక గదిలో అద్దాల బీరువా, అందులో గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో కార్డులు వరసగా ఉన్నాయి. విషయం చెప్పగానే ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "అయ్యో, మాకెవ్వరికీ తెలీదండీ. ఫోనెత్తట్లేదంటే ఆఫీసు పనిలో పడ్డాడనుకున్నాం."

ప్రసాద్ గారిది వేరే దారి. ఆన్‌లైన్‌లో ఎవరైనా పూర్తి సెట్టు అమ్మితే కొనేస్తాడు. "నాకంత ఓపిక లేదండీ, నిండుగా కనపడితే చాలు" అన్నాడు దాపరికం లేకుండా. బీరువా తెరిచి వికెట్ కీపర్ కార్డు తీసి నా ముందు పెట్టాడు. "నా దగ్గర రెండు సెట్లున్నాయి. తీసుకెళ్ళండి, అంత దూరం ఎందుకు మీకు?"

కార్డు చేతి దాకా వచ్చింది. తీసుకుని పది గంటల బస్సుకి ఇంటికి పోవచ్చు. కానీ ఇదే కార్డు ఈయన ఇదివరకు మురళికి ఇస్తానంటే వాడు వద్దన్నాడట, ఆసుపత్రిలోనే ఆ సంగతీ చెప్పాడు. "మరి ఎందుకు వద్దన్నావురా" అంటే, "అలా ఊరికే ఇచ్చింది పెట్టుకుంటే ఏం బాగుంటుందక్కా. కరీం గారు నాకని పక్కన పెట్టుంచారుగా" అన్నాడు. నేనూ వద్దన్నాను. ప్రసాద్ గారు నొచ్చుకోలేదు, కరీం గారి ఇంటి గుర్తులు చెప్పి నా నంబరు తీసుకున్నాడు. కరీం గారికి ఫోన్ చేస్తానంటే ఆపాను. తమ్ముడి చావు కబురు ఫోన్లో పడేయడం నాకిష్టం లేదు.

మళ్ళీ బస్సు. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనకాల చాలాసేపు నిలబడిపోయాం. పామర్రు దాటాక కోతలైన చేలల్లో కుప్పలు, వాటి మధ్య అప్పుడే మొలిచిన మినుము. ఈ దారిన మురళి దాదాపు ప్రతి నెలా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నాకు బందరు లడ్డూ తెచ్చేవాడు. ఆఫీసు పని మీద వెళ్ళాడనుకునేదాన్ని, పిచ్చిదాన్ని.

బందరులో పన్నెండు దాటింది. స్టాండు ఎదుట హోటల్లో భోజనం నూట ఇరవై. పప్పు, గోంగూర బాగున్నాయి గానీ సగం వదిలేశాను. ఆటోకి అరవై ఇచ్చి కరీం గారి సందులో దిగాను. వరండాలో రోల్డ్ గోల్డ్ గొలుసులకి కొక్కేలు అతుకుతూ కనిపించారు, యాభై ఏళ్ళ మనిషి. మురళి అక్కనని చెప్పగానే ముఖం ముడుచుకున్నారు.

"రండి, కూర్చోండి. తమ్ముడు రాకుండా మిమ్మల్ని పంపాడా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అందుకున్నారు. "ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటా ఊరించాడండీ. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఇంకెక్కడో దొరికుంటది, నా మొహం చూడలేక దాక్కున్నాడనుకున్నా. మాట తప్పితే కార్డు తర్వాతోడికి పోద్ది, అది మా లెక్క. పోయిన నెల గుడివాడాయన వస్తే ఇచ్చేశా."

"కరీం గారూ, మురళి లేడండీ. భాద్రపదంలో పోయాడు. ఒంట్లో బాలేదని మీకు చెప్పుకోలేకపోయాడు."

ఆయన చేతిలో గొలుసు పక్కన పెట్టేశారు. లేచి, అతుకు వేసే మంట ఆర్పేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "కోపంతో ఇచ్చేశానండీ" అన్నారు. "మనిషి ఆసుపత్రిలో ఉంటే నేనిక్కడ కోప్పడతా కూర్చున్నా." ఆ మాట రెండుసార్లు అన్నారు. నాకూ ఏడుపు ఆగలేదు. కార్డు పోయిందని కాదు. మురళి కోసం నేను గాక ఇంకొకరు ఏడవడం చూడటం అదే మొదటిసారి.

ఆయన లోపలికి వెళ్ళి తన ఆల్బమ్ తెచ్చుకున్నారు. చివరి పేజీ తీసి, అరలోంచి వికెట్ కీపర్‌ని వేళ్ళతో మెల్లగా పైకి జరిపారు. కొద్దిగా వంగి, రెండు చేతులూ చాచిన మనిషి. బంతి బొమ్మలో లేదు, చేతుల దాకా ఇంకా రాలేదు.

"ఇది మీ సెట్టులోది కదండీ. మీది పాడైపోతుంది" అన్నాను.

"పోనివ్వండి అక్కయ్య గారూ. కానీ ఊరికే ఇవ్వను. ఊరికే ఇస్తే మురళి ఒప్పుకోడు. మీరూ ఒకటి పెట్టాలి."

మురళి ఆల్బమ్ ఆయన ముందుకు తోశాను. తిరగేసి తల ఊపారు. "ఇయ్యన్నీ నా కాడ ఉన్నాయండీ. సగం నేనిచ్చినయ్యే."

కళ్ళు తుడుచుకుందామని హ్యాండ్‌బ్యాగులో రుమాలు వెతుకుతుంటే స్టూడియో కవరు జారి కింద పడింది. పదకొండో రోజుకి మురళి ఫొటో పెద్దది చేయించడానికి ఇచ్చిన పాస్‌పోర్టు ఫొటో అందులోంచి బయటికొచ్చింది. తీయడం మరిచి ఇన్నాళ్ళూ మోస్తున్నాను. కరీం గారు వంగి తీసుకున్నారు. కార్డు చేతికొస్తే చేసే అలవాటు కాబోలు, వెంటనే వెనక్కి తిప్పి చూశారు. పరుగులూ వికెట్లూ లేవు, ఉత్త తెల్లకాయితం.

"ఇది ఇస్తారా?" అన్నారు.

ఇచ్చాను. వికెట్ కీపర్ ఉన్న అరలో దాన్ని పెట్టారు. అరకి చిన్నదై కాస్త వదులుగా ఉంది. జారకుండా అంచుల్ని బొటనవేలితో నొక్కి, ఆల్బమ్ మూసి రెండు చేతుల్తో పట్టుకున్నారు. ఆయన భార్య టీ తెచ్చింది. ముగ్గురం తాగాం.

నాలుగున్నరకి బెజవాడ బస్సు. స్టాండులో అరకిలో లడ్డూ కొన్నాను, ఇక తెచ్చేవాడు లేడు కాబట్టి. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి చెప్పాలంటే, బందరు ఒక్కపూటలో చూసి రాదగ్గ ఊరే, బస్సులకి లోటు లేదు, మనుషులు మంచివాళ్ళు. అయితే ఎవరైనా మీకోసం ఏదైనా పక్కన పెట్టినప్పుడు మీరు వెళ్ళలేకపోతే, ఎందుకు వెళ్ళలేకపోతున్నారో చెప్పండి. నాకు ఈ ప్రయాణంలో అర్థమైంది అంతే.

కంకిపాడు దగ్గర ప్రసాద్ గారి ఫోన్ వచ్చింది. "దొరికిందా అండీ?" "దొరికిందండీ." "హమ్మయ్య, సెట్టు పూర్తయినట్టే" అన్నాడు. పూర్తయింది. కొత్త కార్డు దొరికిన రోజు మురళి మేడ మెట్లెక్కకుండా సరాసరి మా వంటింట్లోకి వచ్చేవాడు. చేతులకి పిండి ఉందిరా అన్నా వినకుండా నా కళ్ళ ముందు పట్టుకుని నిలబడేవాడు. ఎవరికో ఒకరికి చూపించకపోతే వాడికి తోచేది కాదు. ఇవాళ నాకూ తోచలేదు.

పక్కసీట్లో ఎవరో పెద్దావిడ. ఆవిడ అడక్కుండానే ఆల్బమ్ తెరిచి చూపించాను. "మా తమ్ముడివండీ. ఇవాళే అన్నీ పూర్తయ్యాయి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పేజీలన్నీ ఓపిగ్గా చూసింది. "ఎంత శ్రద్ధమ్మా, పాపం. ఇప్పుడు వీటిని ఏం చేసుకుంటాడు?" అని అడిగింది.

"దాచుకుంటాడండీ" అన్నాను.