చిలక పిల్లకు వస రాసిన వేసవి

ఆ వేసవి అనగానే నాకు ముందు వెలుతురు గుర్తొస్తుంది. చీపురుపల్లి స్టేషనుకు దగ్గరలో మేం అద్దెకున్న పెంకుటింట్లో, మధ్యాహ్నం వేళ రెండు పెంకుల సందులోంచి ఒక ఎండ చార దిగేది. గోడ మీద నెమ్మదిగా నడిచి, చిలక పిల్ల ఉన్న వెదురుబుట్ట అంచున కాసేపు ఆగేది. అందులో ధూళి తేలుతూ ఉండేది. రైలు వచ్చి వెళ్ళిపోయినా ఆ ఇల్లు నిద్రలోంచి లేచినట్టుండేది కాదు.

అరవయ్యో దశకం చివరి రోజులవి. నాకు ఇరవై అయిదేళ్ళు. హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. పెళ్ళయి నాలుగు నెలలు. నా భార్య మా మేనమామ కూతురే, పాతపట్నం దగ్గర వరీ చోళ్ళూ పండించే ఇంటి పిల్ల. రాగుల్ని మా వైపు చోళ్ళంటారు.

చిలక పిల్లను తెచ్చింది మావయ్య. పొలం గట్టున ఎండిన తాడిమోడు కూలితే తొర్రలోంచి బయటపడిందట. ఒంటి నిండా పచ్చటి ములుకులే తప్ప ఇంకా ఈకలు విచ్చుకోలేదు. దాన్ని కూతురి చేతిలో పెట్టి, చోడిపిండి జావ పలచగా, గోరువెచ్చగా పట్టమన్నాడు. మెడ కింద సంచి నిండగానే ఆపాలి, అది ఖాళీ అయ్యాకే మళ్ళీ పట్టాలి. ఇదంతా చెప్పి చివర్న అన్నాడు: "మాటాడతా పెట్టమ్మా. గొంతు ఇనబడకపోతే ఇది నోరు తెరవదు."

ఆమె అలాగే చేసేది. కాళ్ళు చాపుకు కూర్చుని, ఒడిలో పాతగుడ్డ పరిచి, ఉగ్గుగిన్నె చేత్తో పట్టుకుని, "ఏటే నా తల్లీ, ఆకలేస్తన్నాదా? సూడు, ఎంత నోరో," అనేది. అది తలను పైకీ కిందికీ ఆడిస్తూ, గిలక కిర్రుమన్నట్టు అరుస్తూ నోరు తెరిచేది. పక్కన కూర్చుని నేనూ కొంత నేర్చుకున్నాను. తల ఆడిస్తే ఆకలి. ఒళ్ళు ఉబ్బించి ముక్కు లోపల్లోపల నూరుకుంటుంటే నిద్ర రాబోతోంది. ఈకల్ని ఒంటికి బిగించి కర్రలా నిలబడితే భయం.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కాని చిలక అంటే మాటలు నేరుస్తుంది. తోటి మాస్టర్లు ఇంటికి వచ్చినప్పుడు నా చిలక "ఏటి" అంటే ఎలా ఉంటుందో ఊహించుకుని సిగ్గుపడ్డాను. మా నాన్న మాట కూడా అదే. నా నోట్లోంచి దాన్ని ట్రైనింగు కాలేజీలో తోమి పారేసుకున్నాను, అంతే. ఆ సాయంత్రం ఆమెతో, దీని ముందు నువ్వు మాట్లాడకు, నేను పద్యం నేర్పుతాను అన్నాను. మెత్తగానే చెప్పాను. మెత్తగా చెప్తే తప్పు లేదనుకున్నాను.

"నా మాట బాగోదేటి బావా?" అంది.

నేను నవ్వాను. 

మర్నాటి నుంచి ఆమె నన్ను "ఏమండీ" అనడం మొదలుపెట్టింది. నువ్వు పోయి మీరు వచ్చింది. ఏరిన బియ్యంలా ఒక్కొక్క మాటా చూసుకుని పలికేది. నాకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది కాని, నిజంగానే సంతోషంగా ఉండేది.

ఆమె పెదవి కదపకుండా జావ పట్టేది, చిలక పిల్ల మొహం తిప్పుకునేది. పొద్దునా సాయంత్రం నేను బుట్ట ముందు కూర్చుని పద్యం చదివేవాణ్ణి. అది ఈకలు బిగించి కర్రలా నిలబడేది. శ్రద్ధగా వింటోందనుకున్నాను. అది భయమని తెలిసిన నేనే అలా అనుకున్నాను.

దాని తిండి తగ్గిపోయింది. నాలుక మొద్దుగా ఉన్నట్టుంది, అందుకే మింగదు, పలకదు అని తేల్చేశాను. మా ఇళ్ళల్లో పసిపిల్లలకు మాట తేటగా వస్తుందని వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాలుకకు రాస్తారు. నాకూ రాశారట. ఒకరోజు ఆమె నూతి దగ్గరున్నప్పుడు సాన మీద వస అరగదీసి చిలక పిల్ల నాలుకకు రాశాను. అది తల విదిలించి, తిన్న కాస్తా కక్కేసింది. గుడ్డతో తుడిచాను. సాన కడిగి యథాస్థానంలో పెట్టి ఒంటిపూట బడికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అది బుట్టలో ఒక పక్కకు ఒరిగి ఉంది. కళ్ళు సగం మూతలు పడ్డాయి. ఆమె జావ గిన్నెను బూడిదతో తోమిందే తోముతోంది. "నేను పెట్టిన జావే పులిసిపోయి ఉంటుందండి. ఇక దీనికి నేను పెట్టనండి," అంది.

ఎండ చార గోడ మీద జానెడు జరిగేంత సేపు ఆ తప్పు ఆమె మీదే ఉండనిచ్చాను.

ఆమె చేతులు కడుక్కుని పిల్లను ఒడిలోకి తీసుకుంది. దాని మీదికి వంగింది. అప్పుడు చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. దాని ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా నేను వద్దన్న మాటను దాటడం లేదు.

"నీ జావ కాదు. పొద్దున నేనే వస రాశాను," అన్నాను. "దాంతో మాట్లాడు."

ఆమె నన్ను తిట్టలేదు. ఎంత రాశారని మాత్రం అడిగింది. గోరు చూపించాను. కాచి చల్లార్చిన నీళ్ళు వేలికొసతో చుక్క చుక్కగా ముక్కుకు తాకించింది. పాతచీర ముక్క చుట్టి పొట్టకు ఆనించుకుంది. తర్వాత మాట్లాడింది. మొదట తడబడింది, దారి మరిచిపోయినట్టు. పోనుపోను మాట సాగింది. వాళ్ళ కళ్ళం సంగతి, పాలు ఇవ్వకుండా ఎగచేపే గేదె సంగతి, వర్షంలో తడిసి తిట్లు తిన్న రోజు సంగతి. స్తంభానికి ఆనుకుని నేను వింటున్నాను. ఆ గొంతు, ఆ వేడి, పిట్ట ఊపిరి అన్నీ కలిసి కల్లో ఉన్నట్టనిపించింది. నాలుగు నెలల్లో నాకు చెప్పని కబుర్లవి. అప్పుడు కూడా నాకు చెప్పినవి కావు.

దీపాల వేళకు అది తల ఎత్తింది. రెండు చుక్కల జావకు నోరు తెరిచింది.

బతికింది. నానబెట్టిన శనగపప్పు, జాంపండు, పాలు పట్టిన జొన్నకంకి ఒక్కొక్కటే మరిగింది. పద్యం ఒక్క ముక్క కూడా రాలేదు. నేను చదవనూ లేదు. ఆమెను మాత్రం, తప్పు నాదని చెప్పి, మునుపటిలా మాట్లాడమని అడిగాను. "అలవాటైపోయిందండి," అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే ఎలాగో బతిమాలుకునేవాణ్ణి. పరీక్ష పేపర్లు ముందేసుకుని, దిద్దుతున్నట్టు తల వంచుకుని, చిలకతో ఆమె చెప్పే కబుర్లు వినేవాణ్ణి.

తొలకరి మబ్బులు పట్టిన ఒక రోజు పెరట్లోంచి ఆమె పిలిచింది.

"బావా, రా, సూడు. గింజని దానికదే ఒలుచుకు తింటన్నాది."

కలం చప్పుడు కాకుండా కింద పెట్టాను. నా మొహం చూస్తే గుర్తొచ్చి మాట సర్దుకుంటుందేమోనని, చిలక వైపే చూస్తూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.