తలుపు దగ్గర కూర్చోనివ్వని ఊల్కన్ అక్క

ఊల్కన్ అక్కకి ఒకటే పిచ్చి. ఎవర్నీ తలుపు దగ్గర కూర్చోనివ్వదు.

మా నరీన్ ఊళ్లో గొంగళి డేరాలో తలుపుకెదురుగా ఉండే చోటు పెద్దమనిషికి ఇస్తారు, సరే. అక్క లెక్కలో భూమ్మీద అందరూ పెద్దమనుషులే. ఒకసారి మినీబస్సు ఎక్కిన పిల్లతల్లిని అందరి మోకాళ్ల మీదుగా వెనక సీటుకి తోలింది. ఆవిడ దిగాల్సింది పక్క స్టాపులోనే. పళ్ల డాక్టరు దగ్గర దవడ పట్టుకుని మూలుగుతున్నవాణ్ణి కూడా లేపి లోపలి మూలకి మార్చింది. ఇక విందుకి పిలిస్తే చెప్పక్కర్లేదు. జనమంతా ఓ చివర ఇరుక్కుంటారు, తలుపు వైపు సగం గది ఖాళీ. ఎవరి మోచెయ్యి ఎవరి పళ్లెంలో ఉందో తెలీదు.

అలాంటి మనిషి వచ్చి మా పిచ్చాసుపత్రి మీద పడింది. నేనక్కడ నర్సుని. అక్క కళాకారిణి. బొమ్మలు గీయదు, ఏకంగా ఓ చోటే కట్టేస్తుంది, మనం లోపలికెళ్లి చూడాలి. ఇన్‌స్టలేషన్ అంటారట. మేం పారేసిన ఇనప మంచాలూ, రోగుల పాత గౌన్లూ అడిగి పట్టుకెళ్లింది. గౌన్లన్నీ కలిపి కుట్టి మ్యూజియం హాల్లో గుండ్రటి డేరా వేసి, లోపల చుట్టూ మంచాలు పరిచింది. అదే మా వార్డట. మా పెద్ద డాక్టరుగారు చూసి, ఇందులో జబ్బు ఎక్కడుందమ్మా అని అడిగారు. అక్క ఆయన్ని రెక్క పట్టుకుని లోపలి మంచం మీద కూలేసింది.

నా బెంగల్లా మా వార్డులో ఉండే జోల్దోష్ అనేవాడి గురించి. జబ్బు ఎప్పుడో నెమ్మదించింది, ఇంటికి పంపెయ్యొచ్చని డాక్టరుగారూ అన్నారు. తీసుకెళ్లడానికి ఉన్నది వాళ్లక్క ఒక్కతే, పేరు కలిపా. నెలనెలా వస్తుంది, తలుపు పక్క స్టూలు మీద అంచున కూర్చుంటుంది, రొట్టె చేతిలో పెట్టి లేస్తుంది. తీసుకెళ్లమంటే చూద్దాంలెండి అంటుంది. ఆ మనిషికి భయం, నేను తప్పుపట్టను.

ప్రదర్శన మొదలైన రోజు మా రోగుల్నీ తీసుకెళ్లాం. కలిపా వచ్చి డేరా గుమ్మంలోనే నిలబడింది. నేను పలకరించేలోపే ఊల్కన్ అక్క ఆవిణ్ణి లోపలి మంచానికి చేర్చి, ఆవిడకి అడ్డంగా నలుగురు లావుపాటి ముసలమ్మల్ని కూర్చోబెట్టేసింది. టీ పోసే ఇంటివాళ్ల చోటు తలుపు దగ్గర కదా, అక్కడ టీ నీళ్లు కాగే సమోవార్ ముందు జోల్దోష్‌ని కూర్చోబెట్టింది. ఇది వీళ్ల ఇల్లు, మనమే చుట్టాలం అంది.

జిల్లా అధికారి గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. జోల్దోష్ ఆయన టీ గిన్నె అంచుదాకా నింపి ఇచ్చాడు. మావాళ్లలో నిండా పోస్తే, తాగి బయల్దేరమని. గుక్కెడు పోస్తే, ఉండమని. డేరా మొత్తం గతుక్కుమంది. పాపం చెయ్యి వణికింది సార్ అని పెద్ద డాక్టరు నసిగాడు. అధికారి నిజంగానే పెద్దమనిషి, నవ్వేసి గటగటా తాగి వెళ్లిపోయాడు. మేం ఉపన్యాసం నుంచి బతికిపోయాం.

చెయ్యేం వణకలేదు. కలిపా గిన్నెలో సరిగ్గా గుక్కెడే పోశాడు. ఆవిడ తాగి గిన్నె అందించింది. మళ్లీ గుక్కెడు. మళ్లీ అందించింది, మళ్లీ గుక్కెడు.

ఆవిణ్ణి అంత లోపలికెందుకు తోశావక్కా అని అడిగాను.

"మీ వార్డులో చూశాగా. వచ్చిన చుట్టాలంతా తలుపు దగ్గరే కూర్చుంటారు. అక్కణ్ణుంచి లేచిపోవడం తేలిక" అంది అక్క. "లోపల కూర్చుంటే ఇంతమందిని లేపాలి. ఆ మొహమాటానికైనా కాసేపు ఉంటారే."

ఇన్నాళ్లూ దీన్ని పిచ్చి అనుకున్న నన్ననాలి. నాకు అక్కని అక్కడికక్కడ ముద్దుపెట్టుకోవాలనిపించింది.

సమోవార్‌లో రెండోసారి నీళ్లు పోశాం. కలిపా కబుర్లలో పడింది, ఊళ్లో గొర్రె ఈనిందని తమ్ముడికి చెప్పింది, వాడు గొర్రెపిల్ల పేరు అడిగాడు. చివరికి ఆవిడ లేచింది. నలుగురు ముసలమ్మలూ మూలుగుతూ దారిచ్చారు. తలుపు దాకా వచ్చి, జోల్దోష్ మళ్లీ పొయ్యబోతుంటే గిన్నె మీద చెయ్యి అడ్డంపెట్టింది.

"ఇలా గుక్కెడు గుక్కెడు పోస్తూ కూర్చుంటే ఆఖరి బస్సు పోతుంది. మిగతాది ఇంట్లో పోద్దువుగాని, లే."