బావ బిగించిన బోల్టు

ఆ మేస్త్రికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, అది ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆయన చెవి మేస్త్రి. బండి షెడ్డు గేటు దాటి లోపలికి వస్తుండగానే, చేతిలో పని ఆపకుండా, తలైనా ఎత్తకుండా, "ఎడమ ముందు చక్రం బేరింగు పోయింది, అక్కడే ఆపండి" అనేవాడు. నూటికి తొంభైసార్లు అదే నిజమయ్యేది. "ఈయన దగ్గర మన కడుపు కూడా జాగ్రత్తగా అరవాలండోయ్" అని ఓ లారీ యజమాని అంటే, షెడ్డంతా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. అలాంటి మాటలకు నవ్వకూడదని, అవి తనకు న్యాయంగా రావలసినవేనని ఆయన నమ్మకం.

షెడ్డులో ఆయనతో పాటు పనిచేసేది ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు. పనిచేస్తున్న మిల్లు మూతపడి ఖాళీగా ఉంటే, "వాణ్ణి మీ దగ్గర పెట్టుకోండి" అని భార్య ఒకేఒక్కసారి అడిగింది. అప్పటినుంచి పన్నెండేళ్లు. మంచివాడు, కానీ మహా నిదానం. ఒక నట్టు బిగించాక దాన్ని మూడుసార్లు తడిమి చూసుకుంటేగానీ రెండోదానికి వెళ్లడు. "ఏరా, బిగిస్తున్నావా, జోకొడుతున్నావా?" అని మేస్త్రి అరిచేవాడు. అతను తల వంచుకుని నవ్వుతూ నాలుగోసారి కూడా తడిమేవాడు.

వాళ్ల పాత ఖాతాదారుల్లో ఒకావిడ పశువుల డాక్టరు. ఆవిడ ఎస్‌యూవీకి పద్నాలుగేళ్లు. రంగు వెలిసిపోయి, లోపల మందులూ గడ్డీ కలిసిన వాసన కొడుతూ, ఎంత తుడిచినా సీట్ల మీద ఏదో ఒక జంతువు బొచ్చు అంటుకునే ఉండేది. వెనక స్ప్రింగులు కుంగిపోయాయని తెస్తే, బావా బావమరుదులిద్దరూ కలిసి కొత్తవి వేశారు. వారం తిరక్కుండానే ఆవిడ మళ్లీ వచ్చింది.

"మేస్త్రిగారూ, నా బండి వెనక ఎవరో ఎక్కి కూర్చున్నారండీ. అప్పుడప్పుడు టక్కుమని తడుతున్నారు. దిగమంటే దిగట్లేదు."

మేస్త్రి బండి నడిపి చూశాడు. నిజమే, ఎక్కడో వెనక టక్కుమంది. కానీ కావాలని గతుకుల్లోకి దింపితే చప్పుడు లేదు. స్పీడ్ బ్రేకర్ మీద వేగంగా ఎక్కించినా లేదు. వదిలేద్దాం అనుకునేసరికి, ఏ ఇంటి ముందో వెనక్కి తిప్పుతుంటే టక్. పైగా ఎటునుంచి వస్తోందో అంతుచిక్కదు. కుడివైపు అనుకుంటే ఎడమవైపు, అడుగున అనుకుంటే తలుపులో.

నాలుగు నెలలు వెతికారు. షాక్ అబ్జార్బర్లు మార్చారు. రబ్బరు బుష్షులు మార్చారు. పొగ గొట్టాన్ని తీగతో బిగించి కట్టారు. స్టెప్నీ చక్రం దింపి చూశారు. డిక్కీ ఖాళీ చేయించి, తలుపు గొళ్లేనికి గుడ్డ చుట్టి చూశారు. కింద ఉన్న నట్లన్నీ పానా వేసి లాగి చూశారు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. ఆ చప్పుడు మాత్రం డాక్టరమ్మతో పాటు వచ్చి, డాక్టరమ్మతో పాటే వెళ్లేది. చెవి మేస్త్రికి చప్పుడు దొరకడం లేదన్న మాట మెల్లమెల్లగా నలుగురి నోళ్లలో పడింది.

ఒక రోజు పొద్దున్న ఆవిడ ఐదోసారి వచ్చినప్పుడు, షెడ్డులో మరో ఇద్దరు ఖాతాదారులు కూర్చుని ఉన్నారు. అందులో ఒకాయన, "ఏం మేస్త్రీ, చెవిలో దూది పెట్టుకున్నావా?" అన్నాడు వేళాకోళంగా. మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

"నన్నెందుకు అడుగుతారు? ఆ స్ప్రింగులు వేసినవాణ్ణి అడగండి," అన్నాడు బావమరిది వైపు చెయ్యి చూపించి. "నేను చేసిన పనిలో ఏనాడైనా చప్పుడొచ్చిందా? మా ఆవిడ తమ్ముడని పెట్టుకున్నాను గానీ, లేకపోతే ఆ చేతులకి పానా ఎవరిస్తారండీ?"

బావమరిది చేస్తున్న పని పూర్తి చేశాడు. పానాలన్నీ తుడిచి, చిన్నవి చిన్నవాటి పక్కన, పెద్దవి పెద్దవాటి పక్కన సర్దాడు. చేతులు కడుక్కున్నాడు. "వెళ్తున్నా బావా" అన్నాడు. భోజనానికి అనుకున్నాడు మేస్త్రి. సోమవారానికి అతను రెండు వీధుల అవతల టైర్ల దుకాణంలో పంక్చర్లు వేస్తూ కనిపించాడు.

మేస్త్రి భార్య దీని గురించి గొడవ పెట్టుకోలేదు. జరిగిందంతా ఎవరి ద్వారానో విన్నది, విని ఊరుకుంది. ఆ తర్వాత ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడేది. తలుపు వేశారా, మందు వేసుకున్నారా, అంతే. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇంట్లో అంత నిశ్శబ్దం మేస్త్రి ఎరగడు.

ఇంకో నాలుగు నెలలు గడిచాయి. ఒక రోజు డాక్టరమ్మ బండి దిగుతూనే అంది:

"ఇవాళ దీని సంగతి తేలిపోవాలి. నేను నడుపుతాను. మీరు వెనక పడుకోండి."

మేస్త్రికి కాస్త చిన్నతనం అనిపించినా సరేనన్నాడు. డిక్కీలో సామానంతా దింపి, గోనెపట్టా పరిచి, దాని మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. చెంప రేకుకి ఆనించి, రెండు అరచేతులూ అడుగు రేకు మీద చాపి పెట్టాడు. బండి కదిలింది. పెద్ద రోడ్డు మీద ఏమీ లేదు. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటారు, ఏమీ లేదు. దారిలో దాణా గోదాము దగ్గర ఏవో బస్తాలు తీసుకోవాలని ఆవిడ బండిని గేటులోకి ఏటవాలుగా తిప్పింది. కుడి వెనక చక్రం ఒక్కటే గేటు గట్టు మీదికెక్కింది.

టక్.

"ఆగండమ్మా! వెనక్కి పోనిచ్చి మళ్లీ ఎక్కించండి."

మళ్లీ టక్. ఏడుసార్లు ఎక్కించి దించారు. ఈ పెద్దమనిషి డిక్కీలో పడుకుని ఏం చేస్తున్నాడో తెలియక గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడి చూశాడు. మేస్త్రి అదేమీ పట్టించుకోలేదు. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే చప్పుడు లేదు, ఒక్కటే ఎక్కితే వస్తోంది. దెబ్బ పైకీ కిందికీ కాదు, పక్కకి పడుతోంది. అరచేతికి ఆ తేడా స్పష్టంగా తెలిసింది. అంటే స్ప్రింగులు కావు. ఇరుసు పక్కకు జరగకుండా దాన్ని బండి ఛాసీకి, అంటే అడుగు చట్రానికి, కట్టి ఉంచే అడ్డ రాడ్డు ఒకటుంటుంది, అదే. అది తట్టగానే, షెడ్డుకి పోనివ్వండమ్మా అన్నాడు.

షెడ్డుకు వచ్చి బండి కిందికి దూరాడు. రాడ్డు చివర, ఛాసీ దగ్గర, బోల్టు తల మీద ఆకుపచ్చ రంగు కనిపించింది. ఆ రంగు బోల్టులు షెడ్డులో ఒకే డబ్బాలో ఉండేవి. ఎప్పుడో ఒక పాత నీళ్ల మోటారు విప్పినప్పుడు ఆయన దాచుకున్నవి.

అప్పుడు మొత్తం గుర్తొచ్చింది. స్ప్రింగులు మార్చిన మధ్యాహ్నం అసలు బోల్టు మర అరిగిపోయి పట్టలేదు. విడిభాగాల దుకాణం భోజనం వేళకు మూసి ఉంది. ఎక్కడో ఆవు ఈనలేక అవస్థ పడుతోందని డాక్టరమ్మ తొందరపెడుతోంది. ఆయన డబ్బా వెతికి, ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది తీసి వేశాడు. ఒక వెంట్రుకవాసి సన్నం. ఈ పూటకి ఆగుతుంది, రేపు సరైనది వేద్దాం అనుకున్నాడు. "రాడ్డు నేను బిగించేశాలే, నువ్వు చక్రాలెక్కించు" అని బావమరిదితో అన్నాడు. ఆ రేపు మళ్లీ ఆయన మనసులోకి రాలేదు. పానా వేసినప్పుడల్లా బోల్టు బిగువుగానే ఉంది. సన్నం కావడంతో రాడ్డు కన్నంలో మాత్రం పక్కకు జరిగి కొట్టుకుంటోంది. ఎనిమిది నెలల్లో దాన్ని ఒక్కసారి విప్పి చూడలేదు. తను బిగించినదాన్ని తనే అనుమానించడం ఆయనకు అలవాటు లేదు.

కొత్త బోల్టు వేయడానికి పది నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది.

"దొరికిందా? ఏంటది?"

"ఒక బోల్టమ్మా. దానికి తగ్గది కాదు. మార్చేశాను."

"మీ బావమరిది వేసిందేనా?"

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఏదో... జరిగిపోయిందిలెండి," అన్నాడు.

"ఇంక అతన్నేమీ అనకండి మేస్త్రిగారూ, పాపం," అంది ఆవిడ లేస్తూ. "మీకు తెలుసో లేదో, ఇక్కడ మానేశాక మూడు ఆదివారాలు మా ఇంటికొచ్చాడు. వద్దంటే వినలేదు. నా వల్ల వచ్చిందన్నారు కదండీ, నేనే తీసేయాలి అన్నాడు. ఆ మట్టిలో పడుకుని తను వేసినవన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఆ అడ్డంగా ఉన్న రాడ్డు ఒక్కటే ముట్టుకోలేదు. అదెందుకయ్యా వదిలేశావంటే, అది మా బావ బిగించిందండీ, దాన్ని చూడక్కర్లేదు అన్నాడు."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆవిడకు ఏ బోల్టో తెలియదు. తెలియకుండానే చెప్పింది. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఏదో తోస్తూనే ఉంది. ఆయన మాత్రం తాళం చెవి ఆవిడ చేతికిచ్చాడు. బండి గేటు దాటి, వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది. చిన్న చప్పుడైనా లేదు.

ఆ పూట ఆయన ఇంకో పని ముట్టుకోలేదు. ఇంటికి వెళ్లి, వంటింటి గడపలో నిలబడి, భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ వింది. చివరిదాకా విని, కత్తి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెబుతున్నారు? నన్నేమైనా అన్నారా నలుగురిలో?"

టైర్ల దుకాణం ముందునుంచి మేస్త్రి రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. మూడోసారి ఆగాడు. లోపల బావమరిది గాలి నింపిన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతూ బుడగల కోసం చూస్తున్నాడు. దుకాణం యజమాని, ఇంకో ముగ్గురు అక్కడే ఉన్నారు.

"ఒకసారి పక్కకి రా, మాట్లాడాలి."

"చేతులు ఖాళీ లేవు బావా. ఇక్కడే చెప్పు."

చెప్పాడు. మొదట తొట్టి వైపు చూస్తూ గొణిగాడు. దుకాణం యజమాని వినపడక "ఏంటి?" అన్నాడు కూడా. దాంతో మళ్లీ మొదటినుంచి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆకుపచ్చ బోల్టు, రేపు వేద్దాం అనుకోవడం, అంతా. చెవులు మండుతున్నాయి. ఆ ముగ్గురిలో ఒకడు తల తిప్పేసుకున్నాడు. పగలబడి నవ్వి ఉన్నా ఇంతకన్నా నయమనిపించింది మేస్త్రికి.

బావమరిది ట్యూబును నెమ్మదిగా తిప్పుతూనే ఉన్నాడు. ఒకచోట బుడగలు వచ్చాయి. సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"డాక్టరమ్మకి చెప్పావా?"

"లేదు."

"అంటే ఆవిడ ఇంకా నేనే అనుకుంటోందా?"

మేస్త్రి ఆ సుద్దగీత వైపు చూశాడు.

"ముందు ఆవిడకి చెప్పిరా బావా. నాతో తర్వాత మాట్లాడచ్చు."

మర్నాడు పొద్దున్నే ఆయన పశువుల ఆసుపత్రికి వెళ్లాడు. కుక్కల్నీ మేకల్నీ పట్టుకున్నవాళ్ల మధ్య, వట్టి చేతులతో బల్ల మీద కూర్చున్నాడు. వంతు వచ్చేసరికి డాక్టరమ్మ ఒక మేక కాలికి కట్టు కడుతోంది. నిలబడే చెప్పాడు. ఆవిడ చేతులు ఆగాయి.

"మరి నేను నిన్న అడిగాను కదా?"

"అడిగారమ్మా. నేనే చెప్పలేదు."

ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. కోపం కాదది. కోపమైతే ఎలా తట్టుకోవాలో ఆయనకు తెలుసు. "ఈ కాలు కాస్త ఇలా పట్టుకోండి," అంది. కట్టు పూర్తయ్యేదాకా ఆయన మేక కాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. బండి ఆ తర్వాతా ఆయన దగ్గరికే తెచ్చేది. కాకపోతే, ఇదివరకులా తాళం చెవి తీసుకుని చక్కా వెళ్లిపోయేది కాదు. ఏ పని చేశారో అడిగి, వంగి, ఒకసారి కిందికి చూసి మరీ వెళ్లేది. ఆవిడ వంగిన ప్రతిసారీ మేస్త్రి గోడవైపు తిరిగి పానాలు వెతికేవాడు.

ఒక ఆదివారం బావమరిది అక్కను చూడటానికి వచ్చాడు. అక్కా తమ్ముళ్లు చాలాసేపు ఏవేవో మాట్లాడుకుని నవ్వుకున్నారు. నాలుగైదు నెలలుగా అలవాటైన నిశ్శబ్దం మధ్య ఆ నవ్వు వింటూ మేస్త్రి పక్కగదిలో కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు అతన్ని దిగబెట్టడానికి వీధి చివరిదాకా నడిచాడు.

"మళ్లీ షెడ్డుకి రాకూడదూ?" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "నిన్ను అన్నది తప్పే. పెద్ద తప్పు."

బావమరిది చాలా నిదానంగా, నట్టు బిగించినంత నిదానంగా ఆలోచించాడు.

"కోపమేం లేదు బావా. రోజూ వస్తే మాత్రం, నేను ఏది బిగించినా నువ్వు తప్పు చేసినవాడిలా నా ముఖంలోకి చూస్తావు. అది నేను భరించలేను. నువ్వూ భరించలేవు."

అతను చెప్పులు సరిచేసుకుని, "అక్కని వచ్చే వారం మా ఇంటికి పంపించు. వీలైతే నువ్వూ రా," అని చెప్పి రోడ్డు దాటాడు. మేస్త్రి అక్కడే నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ "వీలైతే" అన్న మాట పట్టుకుని ఇంటికి నడవడం ఆయనకు చాలా దూరం అనిపించింది.